తలుపులు వెయ్యని మాటలు

బర్న్‌లీలో గురువారాలు చెవుల క్లినిక్.
ఆరో పేరు ఎల్సీ ఎంట్విసిల్, ఎనభై ఆరేళ్ళు.
వానకి తడిసిన ప్లాస్టిక్ టోపీ మడిచి జేబులో పెట్టుకుని
నా మూతికి సరిగ్గా ఎదురుగా
కుర్చీ జరుపుకుంది.

"గట్టిగా అరవకు పిల్లా,
అరిస్తే పెదాలు వంకర్లు పోతాయి,
చదవలేను."

పధ్నాలుగో ఏట షెడ్డులో అడుగుపెట్టిందట.
నాలుగు వందల మగ్గాలు ఒక్కసారి నోరు తెరిచే చోట
మనిషి గొంతు ఎవడిక్కావాలి?
ఆడవాళ్ళు గొంతుని ఇంటిదగ్గర వదిలేసి
మొహాలు మాత్రం తెచ్చుకునేవారు.
పెదాలు సాగదీసి, కనుబొమలు ఎగరేసి
ఈ మూల నుంచి ఆ మూలకి
ఎవరికి నెల తప్పింది,
ఎవరి మొగుడు జీతం కవరు దారిలోనే చించాడు,
శనివారం పని ఆపుదామా వద్దా,
అంతా మేస్త్రీ ముక్కు ముందునుంచే పోయేది.
అతనికి చెవులున్నాయి పాపం,
వాటితో ఏం చేసుకోను?

నాడె కంట్లోంచి దారాన్ని నోటితో పీల్చేవాళ్ళట.
అంతకుముందు ఎవరు పీల్చారో వాళ్ళ ఎంగిలి,
నూనె, దూది నూగు.
"మా అమ్మ పెట్టిన ముద్దులకంటే
ఆ కర్రముక్కకి నేను పెట్టినవే ఎక్కువ"
అని ముందుపళ్ళు ఊడదీసి చూపించి
మళ్ళీ పెట్టుకుంది.

పెళ్ళయ్యాక చీకటితో చిక్కొచ్చింది.
దీపం ఆర్పితే మొగుడి మాట ఆరిపోయేది.
అతనిదీ అదే షెడ్డు, అవే చెవులు.
పోట్లాట మిగిలిపోతే లేచి కొవ్వొత్తి వెలిగించి
మంచమ్మీద ఎదురెదురుగా కూర్చుని
చప్పుడు లేకుండా తిట్టుకునేవాళ్ళు.
గోడ అవతలి కాపురం వాళ్ళు
వీళ్ళెంత అన్యోన్యమో అనుకునేవారు.

అరవైల్లో రాత్రి షిఫ్టుకి మీర్‌పూర్ మగవాళ్ళొచ్చారు.
ఆమె మగ్గం పగలు ఆమెది, రాత్రి ఇంకొకరిది.
పొద్దున చెయ్యి వేస్తే ఇనుము ఇంకా వెచ్చగా ఉండేది.
గేటు దగ్గర వీళ్ళు లోపలికి, వాళ్ళు బయటికి,
మంచులో అందరి కోట్లూ ఒకటే.
అతని పేరు తెలీదు, ముడి తెలుసు:
ఎడమచేతివాటం, చిన్నది, బట్టలో కలిసిపోయేది.
ఒక సోమవారం ముడి మారింది.
ఎవర్ని అడగాలి?
ఏమని అడగాలి?

ఈ ఊళ్ళ మిల్లు గుడ్డే
మా ముత్తాత గుంటమగ్గాన్ని పూడ్చిందని
మా ఇంట్లో ఒక పాత కోపం ఉండేది.
దాన్నిప్పుడు ఎక్కడ దింపను?
ఈవిడ ఒళ్ళోనా?

యంత్రం చెవిలో పెట్టి మీట నొక్కాను.
ఉలిక్కిపడింది.
తన కోటు గరగర, నా పెన్ను, పైన ట్యూబులైటు.
"ఏ పనీ చెయ్యకుండా ఇంత చప్పుడా ఈ గదికి?"
తీసేసి పిప్పరమెంట్ల డబ్బాలో పడేసింది.
మిల్లు మూసి ముప్ఫై నాలుగేళ్ళు.
ఆమె తలకాయలో మాత్రం
ఇంతవరకూ ఒక్క పూట సెలవివ్వలేదు.

అప్పుడే మా చెల్లెలి ఫోను. రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాను.
ఎల్సీ నా మూతినే చూస్తోంది.
"మీ మాటలు తలుపు వెయ్యవేం?
మావి చివర దభీమని మూసుకుంటాయి.
నీ నోరు ప్రతి మాటకీ తెరిచే ఉంటోంది,
ఎవరో ఇంకా రావలసినట్టు."

బళ్ళో అజంత భాష అని బట్టీ పట్టాను.
దాన్ని కళ్ళతో చూసింది ఈవిడే.

"ఇంకోటి అను."
పడుగు అన్నాను, గొంతు లేకుండా,
షెడ్డులో అన్నట్టు.
తిరిగి అంది.
ఆ పెదాల మీద అది పడుగో, బడుగో, మడుగో
నాకు తెలీలేదు.

ఫారంలో ఒక గడి: పెద్ద శబ్దంలో ఎన్నేళ్ళు?
ముప్ఫై ఎనిమిది అని రాస్తే
వేలు పెట్టి కొట్టేయించింది.
"రాత్రుళ్ళు కలపలేదు నువ్వు."

గడిలో రెండంకెలకే చోటు.
బయట ఏడో పేరు దగ్గుతోంది.